ఇంట్లో నిప్పు: ‘షార్ట్ సర్క్యూట్’ తర్వాత అడగాల్సిన ప్రశ్నలు

ఇల్లు కాలిన మర్నాడు పేపర్లో వచ్చే వార్తకు చివరి వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే. షార్ట్ సర్క్యూట్ వల్ల ప్రమాదం జరిగి ఉంటుందని ప్రాథమికంగా భావిస్తున్నారు, కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు. ఆ దర్యాప్తులో ఏం తేలిందో తర్వాత వెతికినా కనబడదు. ఒకప్పుడు ‘స్టవ్ పేలి గృహిణి మృతి’ అనే వార్త కూడా ఇలాగే వచ్చేది. కిరోసిన్ పంపు స్టవ్వులు నిజంగానే ప్రమాదకరమైనవే. కానీ ఆ పేరు చాటున వరకట్న హత్యలు కూడా దాగాయి. మహిళా సంఘాలు రోడ్డెక్కి అడిగాకే 1986లో వరకట్న మరణాలకు భారత శిక్షాస్మృతిలో 304బి సెక్షన్ వచ్చింది. అడిగేవాళ్లు లేకపోతే తొందరగా దొరికిన జవాబే అసలు కారణంగా నిలిచిపోతుంది.

షార్ట్ సర్క్యూట్ అన్నది అబద్ధం అని కాదు. ఇల్లు కాలినప్పుడు తేల్చాల్సినవి మూడు. నిప్పు ఎందుకు పుట్టింది? అది అంత త్వరగా ఎందుకు పెరిగింది? లోపల ఉన్నవాళ్లు బయటికి ఎందుకు రాలేకపోయారు? మన వార్తలు, మన జాగ్రత్తలు కూడా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. ప్రాణాలు పోయేది మాత్రం చాలాసార్లు మూడో ప్రశ్న దగ్గర. దేశంలో అగ్నిప్రమాదాల వల్ల ఏటా వేల మంది చనిపోతున్నారు, అందులో సగానికి పైగా ఇళ్లలోనే.

2025 మే 18, ఆదివారం. హైదరాబాద్‌లో చార్మినార్‌కు దగ్గర్లోని గుల్జార్ హౌజ్. కింద దుకాణాలు, పైన ఇల్లు, పాత కట్టడం. వేసవి సెలవులు కావడంతో బంధువులు, పిల్లలు కూడా వచ్చి ఉన్నారు. పొద్దున ఆరు దాటాక కింది అంతస్తులో మంట లేచింది. 17 మంది చనిపోయారు, వాళ్లలో 8 మంది చిన్నపిల్లలు. ఎక్కువ మందిని తీసుకెళ్లింది మంట కాదు, పొగ. లోపలికి వెళ్లడానికి ఇరుకైన ఒకే దారి, పైకి ఎక్కడానికి ఒకే మెట్ల వరస. ఫైరింజన్లు వచ్చాయి, సిబ్బంది వచ్చారు, చుట్టుపక్కలవాళ్లు గోడ పగలగొట్టి లోపలికి వెళ్లే ప్రయత్నం కూడా చేశారు. షార్ట్ సర్క్యూట్ అన్నారు, అయి ఉండొచ్చు. కింద పుట్టిన నిప్పు పైన నిద్రపోతున్నవాళ్ల ప్రాణం ఎలా తీసిందన్నది మాత్రం ఆ రెండు మాటలతో తేలే సంగతి కాదు.

పొగ చేసే పని

మంట కనబడుతుంది కాబట్టి భయపడతాం. పొగ అంటే కళ్లు మండి దగ్గు వస్తుంది, అంతే అనుకుంటాం. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తల తిరుగుతుంది, తర్వాత ఏం చేయాలో తోచదు, ఆ తర్వాత కాళ్లు కదలవు. తలుపు దాకా వచ్చి గడియ తీయలేక అక్కడే కూలిపోయేది అందుకే. సోఫాల్లో, పరుపుల్లో ఉండే ఫోమ్ కాలితే దీనికి తోడు హైడ్రోజన్ సైనైడ్ కూడా వస్తుంది. వైర్ల మీది పీవీసీ తొడుగు కాలితే ఊపిరితిత్తులను కోసేసే ఆమ్లపు ఆవిరి వస్తుంది.

మన ఇళ్లలో సామాను మారింది. నవారు మంచం, దూది పరుపు, టేకు బీరువా ఉన్న గదిలో నిప్పు రాజుకోవడానికి చాలాసేపు పట్టేది. ఇప్పుడు గది నిండా ఫోమ్, పాలిస్టర్ కర్టెన్లు, ప్లైవుడ్ కబోర్డులు, వాటి మీద సన్‌మైకా. అమెరికాలో యూఎల్ అనే పరీక్షా సంస్థ పాతకాలం సామాను ఉన్న గదినీ ఈకాలం సామాను ఉన్న గదినీ కాల్చి చూసింది. కొత్త సామాను ఉన్న గది అయిదు నిమిషాల్లోపే మొత్తం అంటుకుంది. పాత సామాను గదికి దాదాపు అరగంట పట్టింది. మొత్తం అంటుకోవడం అంటే సెగ ఒక వస్తువు నుంచి ఇంకోదానికి పాకడం కాదు. వేడి పొగ పైకప్పు కింద పేరుకుని 500, 600 డిగ్రీలకు చేరగానే గదిలో ఉన్నవన్నీ ఒక్కసారే భగ్గుమంటాయి. ఆ తర్వాత ఆ గదిలో ఎవరూ బతకరు. అంటే ఇంట్లోవాళ్లకు ఉన్న టైమ్ మొత్తం ఆ కొద్ది నిమిషాలే. ఫైరింజన్ ఎంత వేగంగా వచ్చినా ఆ లోపు రావడం కష్టం.

నిద్రలో ఉన్నవాళ్లను పొగ వాసన లేపుతుందని చాలామంది నమ్మకం. లేపదు. నిద్రలో ముక్కు అంత చురుగ్గా పనిచేయదు. చెవి పనిచేస్తుంది. స్మోక్ అలారం అనే చిన్న పరికరానికి ఉన్న విలువంతా అదే. అమెరికాలో ఇళ్లలో జరిగే అగ్నిప్రమాద మరణాల్లో ప్రతి అయిదింటిలో సుమారు మూడు, అలారం లేని లేదా ఉన్నా పనిచేయని ఇళ్లలోనే జరుగుతున్నాయని అక్కడి అగ్ని భద్రతా సంస్థ ఎన్ఎఫ్‌పీఏ లెక్క. అక్కడున్న మన తెలుగువాళ్లకు ఈ అలారంతో రోజూ యుద్ధమే. ఎండుమిర్చితో పోపు పెట్టగానే అది మోగుతుంది, తువ్వాలుతో విసురుతారు, విసుగొచ్చి ఎవరో ఒకరు బ్యాటరీ పీకేస్తారు. దాని చోటు వంటగది కాదు. పడకగదుల బయట, నడవాలో, పైకప్పుకు పెట్టాలి. మన దగ్గర కూడా బ్యాటరీతో నడిచేవి ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఇంటీరియర్స్ కోసం లక్షలు పెట్టే ఇంట్లో ఇది మాత్రం ఎందుకు ఉండదో నాకు అంతుపట్టదు.

ఖర్చు లేని ఇంకో పని, రాత్రి పడకగది తలుపు మూసి పడుకోవడం. మామూలు చెక్క తలుపైనా సరే, మూసి ఉంటే పొగనూ సెగనూ కొన్ని నిమిషాలు ఆపుతుంది. ఏసీ కోసం తలుపు వేసుకునేవాళ్లకు ఈ మేలు తెలియకుండానే దక్కుతోంది.

దొంగల కోసం కట్టిన ఇల్లు

మన ఇళ్లు కట్టేటప్పుడు అందరి మనసులో ఉండేది దొంగ. కిటికీకి గ్రిల్లు, బాల్కనీకి గ్రిల్లు, దాని మీద పావురాల వల. మెయిన్ డోర్ ముందు ఇనుప తలుపు, కారిడార్‌లో కొలాప్సబుల్ గేటు, దానికి తాళం. తాళంచెవి రాత్రికి ఎవరి దిండు కింద ఉంటుందో, ఏ హ్యాండ్‌బ్యాగులో ఉంటుందో ఇంట్లో ఒక్కరికే తెలుసు. కరెంటు పోయి, చీకట్లో, పొగలో, పిల్లల్ని చంకనేసుకుని ఆ చెవి వెతకాలి. ఈ దృశ్యం ఒక్కసారి ఊహించుకుంటే చాలు, ఏం మార్చాలో ఎవరికి వారికే తెలుస్తుంది.

గ్రిల్లులు తీసేయమని ఎవరూ అనరు. ప్రతి పడకగదిలో ఒక కిటికీ గ్రిల్లుకు బందులు పెట్టించి లోపలి నుంచి తెరుచుకునేలా చేయమని వెల్డర్‌కు చెబితే ఒక పూటలో చేసిస్తాడు. తాళంచెవికి తలుపు పక్కన గోడకు ఒక కొక్కెం ఉండాలి, బయటి నుంచి చెయ్యి పెడితే అందనంత దూరంలో, లోపలివాళ్లకు చీకట్లోనూ దొరికే చోట. రాత్రిపూట అది అక్కడే ఉండాలి, వేరే ఎక్కడా కాదు. మంచం మీదున్న తాతగారినో నాయనమ్మనో ఎవరు లేపాలి, చిన్నవాడిని ఎవరు ఎత్తుకోవాలి అన్నది ముందే అనుకుని ఉంటే, ఒకరి కోసం ఒకరు వెనక్కి పరుగెత్తే పని ఉండదు.

అపార్ట్‌మెంట్లలో అసలు చిక్కు మెట్ల దగ్గర. మన స్టిల్ట్ పార్కింగ్‌ను ఒకసారి గమనించండి. మెట్ల కిందో, మెట్ల పక్కనో అందరి కరెంటు మీటర్ల బోర్డు. దానికి ఆనించి స్కూటర్లు, బైకులు, అంటే ట్యాంకుల నిండా పెట్రోలు. ఈమధ్య ఆ బోర్డు నుంచే వైరు లాగి ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్. వాచ్‌మన్ గది, అందులో గ్యాస్ బండ. పాత సోఫా, అట్టపెట్టెలు. ఇవన్నీ ఉన్నచోటి నుంచే పైకి వెళ్లే ఏకైక మెట్ల దారి. కింద మంట లేస్తే ఆ మెట్లు పొగగొట్టంగా మారతాయి. పై అంతస్తులవాళ్లు కిందికి దిగాల్సిన దారిలోనే పొగ పైకి వస్తుంది.

ఇది ఊహ కాదు. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్‌లో మంట లేస్తే, పొగ పై అంతస్తుల గదుల్లోకి ఎక్కి 8 మంది చనిపోయారు. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో జనం కాపురముంటున్న భవనం కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు నిల్వ చేశారు. అవి అంటుకుని పై అంతస్తుల్లో ఉన్నవాళ్లు కనీసం 9 మంది ప్రాణాలు కోల్పోయారు. గుల్జార్ హౌజ్‌తో కలిపి చూస్తే మూడుచోట్లా కథ ఒకటే. నిప్పు కింద, మనుషులు పైన, మధ్యలో ఉన్న ఒక్క దారీ పొగ చేతిలో.

తెలంగాణలో నివాస భవనం 18 మీటర్లకు మించితేనే అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, కావాలి. మనలో ఎక్కువమంది ఉండే మూడు, నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంట్లు ఆ గీతకు కిందే ఉంటాయి. వాటికి ఆ శాఖ తనిఖీ ఉండదు. అక్కడ ఇన్‌స్పెక్టర్ ఎవరంటే అసోసియేషన్ మీటింగే. మీటర్ల బోర్డు చుట్టూ ఖాళీ ఉంచడం, మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, సైకిళ్లు తీయించడం, టెర్రస్ తలుపుకు తాళం బదులు లోపలి నుంచి తీసుకునే గడియ పెట్టించడం అక్కడ తేలాల్సిన సంగతులు. మెయింటెనెన్స్ బకాయిల మీద గంట సేపు గొడవపడే మీటింగులో వీటికి పది నిమిషాలు దొరకవు.

కరెంటు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. షార్ట్ సర్క్యూట్ అంటే ఫేజు, న్యూట్రల్ నేరుగా కలిసిపోవడం. అలా కలిస్తే కరెంటు ఒక్కసారిగా వందల ఆంపియర్లకు ఎగబాకుతుంది, సరైన ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతట అదే ఆపేసే స్విచ్చు) ఉంటే రెప్పపాటులో పడిపోతుంది. అంటే, అన్నీ సవ్యంగా ఉన్న ఇంట్లో షార్ట్ సర్క్యూట్ వల్ల లైటు ఆరిపోవాలి గానీ ఇల్లు కాలకూడదు. నిజానికి ఇళ్లను కాల్చేవి ఎక్కువగా ఇంకో రెండు: మోయలేని లోడు, వదులైన కనెక్షను. ఈ రెండూ నెలల తరబడి వైరు తొడుగును మాడ్చి, చివరికి షార్ట్ సర్క్యూట్‌గా బయటపడతాయి. వార్తలో వచ్చేది ఆ చివరి అంకమే.

లోడు లెక్క తేలిక. మన కరెంటు 230 వోల్టులు. చిన్న ప్లగ్ పాయింటు 6 ఆంపియర్లది, అంటే 1,380 వాట్లు దాని హద్దు. ఇండక్షన్ స్టవ్ 2,000 వాట్లు. గీజరూ అంతే. ఇస్త్రీపెట్టె 1,000, వేణ్నీళ్ల కెటిల్ 1,500. కంపెనీ ఇచ్చిన పెద్ద పిన్నును కన్వర్టర్ పెట్టి చిన్న పాయింటులో గుచ్చిన రోజే ఆ హద్దు దాటేశాం. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద కెటిలూ ఇస్త్రీపెట్టే కలిపి పెట్టినా అంతే. వైరులో పుట్టే వేడి కరెంటుకు వర్గంలో పెరుగుతుంది: కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. ఇరవై ఏళ్ల కిందట రెండు ఫ్యాన్లు, ట్యూబులైట్లు, ఒక టీవీ కోసం వేసిన వైరింగు మీద ఇప్పుడు రెండు ఏసీలు మే నెలంతా రాత్రింబవళ్లు నడుస్తున్నాయి. ఏసీకీ గీజరుకూ మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, విడి ఎంసీబీ వేయించడం మంచిది. వాటిని ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడపడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

ఇక్కడ ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. ఏసీ వేస్తే ఎంసీబీ పడిపోతోందని ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తాం. అతను 16 ఆంపియర్లది తీసి 32 ఆంపియర్లది పెట్టి, ఇక పడదు సార్ అని వెళ్లిపోతాడు. నిజమే, పడదు. ఎంసీబీ ఉన్నది ఏసీ కోసం కాదు, గోడలో ఉన్న వైరు కోసం. వైరు అదే సన్నని వైరు, కాపలా మాత్రం లేదు. వెనకటికి ఫ్యూజులో సన్నతీగ మాటిమాటికీ కాలుతోందని మందపాటి రాగితీగ చుట్టేవాళ్లు, ఇప్పుడు అదే తెలివి కొత్త వేషంలో వచ్చింది. ఎంసీబీ పడిపోతుంటే అది మనకు చెబుతున్న సమాచారం. మార్చాల్సింది దాని వెనకున్న లోడునో, వైరునో.

వదులైన కనెక్షన్ ఇంకా మాయదారిది. స్క్రూ సరిగ్గా బిగించని చోట, ప్లగ్గు వదులుగా కూర్చున్న చోట, ఫాల్స్ సీలింగ్‌లో మెలితిప్పి టేపు చుట్టి వదిలేసిన జాయింటు దగ్గర ఆ ఒక్క చుక్క మాత్రమే కాలుతూ ఉంటుంది. మొత్తం కరెంటు పెరగదు కాబట్టి ఎంసీబీకి ఏమీ తెలియదు. దీన్ని పట్టుకునేది మన చెయ్యి, ముక్కు, కళ్లే. ప్లగ్గు తీసి పట్టుకుంటే వేడిగా ఉండటం, స్విచ్ బోర్డు మీద పసుపు, గోధుమ మరకలు, ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా లైట్లు మినుకుమనడం, బోర్డులోంచి చిరచిరమనే చప్పుడు, ఎక్కడి నుంచో తెలియని చేపల కంపు. ప్లాస్టిక్ వేడెక్కితే అలాంటి వాసనే వస్తుంది. ఇంట్లో చేపలు వండకుండా ఆ వాసన వస్తుంటే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

ఎంసీబీ వేరు, ఆర్‌సీసీబీ వేరు. రెండోది 30 మిల్లీఆంపియర్ల లీకేజీని కనిపెట్టి కరెంటు ఆపేస్తుంది. ముఖ్యంగా షాక్ నుంచి కాపాడేదే అయినా, తడిగోడలోకి, ఎర్త్‌లోకి కరెంటు కారుతూ వేడెక్కే సందర్భాలనూ పట్టుకుంటుంది. దాని మీదున్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి, పడకపోతే అది ఉన్నా లేనట్టే.

గ్యాస్, నూనె, బ్యాటరీ

గ్యాస్ బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. గాలి కంటే దాదాపు రెండింతలు బరువు కాబట్టి లీకైన గ్యాస్ పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. గాలిలో అది 2 శాతం ఉన్నా చాలు, ఒక నిప్పురవ్వతో అంటుకుంటుంది. దానికి సొంత వాసన లేదు, మనల్ని హెచ్చరించడానికే మెర్కాప్టాన్ అనే కంపు పదార్థం కలుపుతారు.

వాసన వచ్చినప్పుడు చేయకూడనిది తెలిస్తే సగం గండం గడిచినట్టే. స్విచ్ వేయొద్దని అందరికీ తెలుసు. స్విచ్ ఆపినా రవ్వ వస్తుందన్నది చాలామందికి తెలియదు. వేసి ఉన్న లైటు వేసినట్టే ఉండాలి. వాసన పోతుందని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే అంతే సంగతులు. ఫ్రిజ్ తనంతట తానే ఆన్ అవుతుంది, ఆ రవ్వ మన చేతిలో లేదు. అందుకే రెగ్యులేటర్ ఆపి, తలుపులు కిటికీలు బార్లా తీసి, అందరూ బయటికి వచ్చేయాలి. మెయిన్ స్విచ్ ఇంటి బయట ఉంటే అప్పుడు ఆపొచ్చు. బయటికొచ్చాకే ఫోన్ తీసి 1906కు చేయాలి, గ్యాస్ లీకేజీలకు దేశమంతటా అదే నంబరు.

లీకేజీ ఎక్కువగా బండలో ఉండదు. వాల్వు లోపలి రబ్బరు వాషర్, రెగ్యులేటరు, పైపు, స్టవ్ నాబ్ ఈ నాలుగింటిలో ఒకచోట ఉంటుంది. సబ్బునీళ్లు రాస్తే బుడగలొస్తాయి, అగ్గిపుల్ల గీసి చూసే ధైర్యవంతులు ఇంకా ఉన్నారు గానీ వాళ్ల దారిన వెళ్లొద్దు. నారింజ రంగు సురక్ష పైపుకు అయిదేళ్లే ఆయుష్షు, తేదీ పైపు మీదే ఉంటుంది. బండ పైభాగంలో పట్టీ లోపలి వైపు ‘బి-27’ లాంటి గుర్తు ఉంటుంది. అది మళ్లీ పరీక్ష చేయాల్సిన గడువు. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, ఆ వరసలోనే సి, డి. గడువు దాటిన బండ తెస్తే దించుకోనక్కర్లేదు. ఇక పాలు పొంగి స్టవ్ ఆరిపోవడం ప్రతి ఇంట్లో జరిగేదే. మంట ఆరింది, గ్యాస్ ఆగలేదు. పాలు పెట్టి ఫోన్ మాట్లాడటానికి బాల్కనీలోకి వెళ్లే అలవాటుకు మందు లేదు గానీ, మంట ఆరితే గ్యాస్ దానంతట అదే ఆగే స్టవ్వులు మార్కెట్లో ఉన్నాయి.

రెగ్యులేటర్ దగ్గరో పైపు దగ్గరో మంట వస్తుంటే బండ ఆ క్షణమే పేలిపోతుందని అందరూ హడలిపోతారు. లోపల గాలి లేదు కాబట్టి మంట లోపలికి వెళ్లదు. చెయ్యి చేరగలిగితే తడి గుడ్డ చుట్టుకుని రెగ్యులేటర్ ఆపడమే మందు. గ్యాస్ ఆపకుండా మంట మాత్రం ఆర్పితే గ్యాస్ గది నిండి మళ్లీ అంటుకుంటుంది, అది మొదటిదానికంటే ప్రమాదం. చుట్టూ ఉన్న మంటల్లో బండే కాలుతోందంటే మాత్రం దగ్గరికి పోవద్దు. అప్పుడు నిజంగానే పేలుతుంది.

బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు. ఆ నూనె మూడొందల డిగ్రీలు దాటి ఉంటుంది, నీళ్లు అడుక్కి పోయి క్షణంలో ఆవిరై 1,700 రెట్లు ఉబ్బి, మండే నూనెను పైకప్పు దాకా ఎగజిమ్ముతాయి. స్టవ్ ఆపాలి, పక్క నుంచి మూత జరిపి కప్పాలి, చల్లారే దాకా మూత తీయకూడదు, బాణలిని ఎత్తుకుని సింకు వైపు పోకూడదు.

బ్యాటరీల విషయంలో మనకు పాఠం తొందరగానే అందింది. 2022 ఏప్రిల్‌లో కొద్ది రోజుల తేడాతో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. రెండూ రాత్రివేళ, మనుషులు నిద్రపోతున్న చోట. ఆ ఏడాది దేశంలో జరిగిన అలాంటి ఘటనల తర్వాతే కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది. లిథియం బ్యాటరీలో ఒక సెల్లు అదుపు తప్పితే ఆ వేడికి పక్క సెల్లు, దాని వేడికి ఇంకోటి అంటుకుంటాయి. బయటి గాలి అందకపోయినా ఆ ప్రక్రియ ఆగదు, ఆరిందనుకున్నాక మళ్లీ లేస్తుంది. కాబట్టి ఛార్జింగు పడకగదిలో, హాల్లో, బయటికి వెళ్లే దారిలో వద్దు. రాత్రంతా పెట్టి పడుకోవద్దు. ఎండలో తిరిగొచ్చిన బండికి చల్లారాకే ఛార్జింగ్ పెట్టాలి. ఉబ్బిన బ్యాటరీని, పడి దెబ్బతిన్న బ్యాటరీని వాడొద్దు. అది పొగ కక్కడం మొదలెడితే ఆర్పాలని చూడకుండా మనుషుల్ని బయటికి పంపడమే సరైన పని.

పూజగది దీపం, దోమల చుట్ట, అగరొత్తులు, కార్తీకమాసంలో గుమ్మం ముందు ప్రమిదలు: వీటి గురించి మన అమ్మమ్మలు చెప్పిందే చాలు. కొంగు, కర్టెన్, పరుపు అందే దూరంలో వద్దు.

మంట లేచాక

ముందు అరవాలి. నిద్రపోతున్నవాళ్లు లేవాలి, బయటికి నడవాలి. మంట ఉన్న గది తలుపు మూసి రావాలి. ఆ తర్వాతే 101కో 112కో ఫోను. ఏ వీధి, దగ్గర్లో గుర్తేమిటి, ఎన్నో అంతస్తు, లోపల ఎవరైనా ఉన్నారా అన్నవి చెప్పాలి. మన సందులు ఫైరింజన్ డ్రైవర్‌కు ఒక పట్టాన దొరకవు. ఒకరు మెయిన్ రోడ్డు మలుపులో నిలబడాలి, ఇంకొకరు దారికి అడ్డంగా ఉన్న బండ్లు తీయించాలి.

ఆర్పే ప్రయత్నం చేయొచ్చా? మంట చెత్తబుట్టంత ఉండి, మీ వెనక తలుపు తెరిచి ఉంటే చేయొచ్చు. ఇంటికి మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్, ఐఎస్ఐ గుర్తున్నది, రెండు కిలోలదైనా ఉంటే మంచిది. పిన్ను లాగి, మంట మొదలు వైపు గురిపెట్టి, పిడి నొక్కుతూ అటూ ఇటూ తిప్పాలి. అది పనిచేసేది కొన్ని సెకన్లే. అయిపోయేసరికి మంట ఆరకపోతే రెండో ఆలోచన వద్దు, బయటికే. కరెంటు మంట మీద మెయిన్ ఆపకుండా నీళ్లు పోయొద్దు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో అదే రోజున బొంబాయి రేవులో ఓడ పేలి, మంటలార్పుతూ చనిపోయిన సిబ్బంది స్మారకంగా. ఆ వారంలో స్టేషన్ వాళ్లు డెమోలు ఇస్తారు, అపార్ట్‌మెంట్ తరఫున అడిగి రప్పించుకుంటే సిలిండర్‌ను చేత్తో పట్టి చూసినట్టవుతుంది.

పొగలో నడవాల్సి వస్తే వంగి, అవసరమైతే పాకుతూ వెళ్లాలి, నేల దగ్గర గాలి కాస్త నయం. తడి గుడ్డ ముక్కుకు కట్టుకుంటే మసి ఆగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ఆగదు. ఆ ధైర్యంతో మెట్ల మీది నల్లటి పొగలోకి దూకడం వల్లే ఎందరో పోయారు. తలుపు తెరిచే ముందు చేతి వెనక భాగంతో తాకి చూడాలి. వేడిగా ఉంటే, మెట్లు పొగతో నిండి ఉంటే, లోపలే ఉండిపోవడం మేలు. తలుపు మూసి, కింద సందులో తడి దుప్పటి కుక్కి, బయటి గాలి ఉన్న కిటికీ దగ్గర నిలబడి, ఫోన్ టార్చి ఊపుతూ మళ్లీ 101కు చేసి ఏ గదిలో ఉన్నారో చెప్పాలి. లిఫ్టు ఎక్కొద్దు.

బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తితే మంట పెరుగుతుంది. కింద పడి దొర్లాలి. పక్కనున్నవాళ్లు మందపాటి నూలు దుప్పటి కప్పాలి. తెలంగాణ ఇళ్లలో ఇంకా గొంగడి ఉంటే అంతకంటే మంచిది లేదు, ఉన్ని అంత తేలిగ్గా అంటుకోదు. నైలాన్, పాలిస్టర్ దుప్పట్లు కరిగి చర్మానికి అతుక్కుంటాయి, వాటి జోలికి పోవద్దు.

కాలిన చోట 20 నిమిషాలు ధారగా మామూలు చల్లని నీళ్లు. ఇంకు, టూత్‌పేస్టు, ఇడ్లీ పిండి, నూనె, ఐసు ఏవీ వద్దు. ఆస్పత్రిలో డాక్టర్ అదంతా కడిగి తీయాల్సి వస్తుంది, ఆ నొప్పి రెట్టింపు. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. అతుక్కున్న బట్టను లాగకూడదు. శుభ్రమైన నూలు గుడ్డ వదులుగా కప్పి 108కు చేయాలి. ముఖం కాలినా, గొంతు బొంగురుపోయినా, ముక్కులో మసి కనబడినా, పైకి బాగానే ఉన్నా సరే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. లోపల శ్వాసనాళం గంటల తర్వాత వాస్తుంది.

అంతా ఆరాక ఒక సంగతి చాలామందికి తెలియక నష్టపోతారు. వంటగ్యాస్ వల్ల జరిగిన ప్రమాదమైతే, ఆయిల్ కంపెనీల బీమా వినియోగదారులకు వర్తిస్తుంది, ఇందుకు మనం విడిగా ప్రీమియం కట్టక్కర్లేదు. మరణానికి మనిషికి 6 లక్షలు, వైద్య ఖర్చులకు మనిషికి గరిష్ఠంగా 2 లక్షలు, ఆస్తి నష్టానికి 2 లక్షల దాకా పరిహారం ఉంది. ఆస్తి నష్టం కనెక్షన్ రిజిస్టరైన చిరునామాలో జరిగి ఉండాలి, కాబట్టి ఇల్లు మారినప్పుడు అడ్రసు మార్పించుకోవడం బద్ధకించొద్దు. వెంటనే డిస్ట్రిబ్యూటర్‌కు రాతపూర్వకంగా తెలియజేసి ఆ కాగితం నకలు దగ్గర పెట్టుకోవాలి. పోలీసు ఎఫ్ఐఆర్, అగ్నిమాపక శాఖ ఇచ్చే సర్టిఫికెట్, ఆస్పత్రి బిల్లులు, ఏమీ కదల్చక ముందు తీసిన ఫోటోలు భద్రంగా ఉంచాలి. ఇంటికి విడిగా బీమా ఉన్నా అడిగేది ఈ కాగితాలే. కాలిన వైరింగు మొత్తం మార్పించి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించాకే మళ్లీ మెయిన్ వేయాలి.